యల్లాప్రగడ సుబ్బారావు: బ్లడ్ క్యాన్సర్‌ను తొలిసారి వెనక్కి నెట్టిన మందు వెనుక తెలుగు డాక్టర్.. ఆ మందును క్యాన్సర్ ఎలా తప్పించుకుంది? మళ్లీ ఎలా దొరికింది?

1948 జూన్ 3. అమెరికాలోని ఓ ప్రముఖ మెడికల్ జర్నల్‌లో బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బృందం రాసిన వ్యాసం వచ్చింది. లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్‌తో మంచానపడ్డ 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే కొత్త మందు ఇచ్చారు. వారిలో 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. అప్పటివరకు ఆ జబ్బు వచ్చిన పిల్లల్లో చాలామంది వారాల్లోనో, నెలల్లోనో చనిపోయేవాళ్లు. ఒక మందుతో లుకేమియా వెనక్కి తగ్గడం వైద్య చరిత్రలో ఓ మలుపు.

ఆ మందు తయారైంది లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో. అక్కడ రీసెర్చ్ డైరెక్టర్ భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

అయితే ఆ వ్యాసంలోనే ఇంకో చేదు నిజం కూడా ఉంది. తగ్గిన జబ్బు మళ్లీ వచ్చింది. కొన్ని నెలలు మాత్రమే ఊరట. ఆ తర్వాత అదే మందు ఇచ్చినా క్యాన్సర్ కణాలు లెక్కచేయలేదు. ఎందుకలా? ఆ ప్రశ్నకు జవాబు దొరికేలోపే, వ్యాసం వచ్చిన రెండు నెలలకే సుబ్బారావు కన్నుమూశారు. ఆ జవాబు కోసం సైన్స్ దాదాపు 30 ఏళ్లు వెతికింది. ఈరోజు టార్గెటెడ్ థెరపీ పేరుతో వస్తున్న ఖరీదైన క్యాన్సర్ మందులను వేధిస్తున్నదీ అదే సమస్య.

పారిపోయిన కుర్రాడు.. మూడోసారి మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. ఏడుగురు పిల్లల్లో ఆయన నాలుగోవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం దెబ్బతిని ముందే ఉద్యోగం మానేయాల్సి వచ్చింది. ఇల్లు గడవడమే కష్టం.

చదువు మీద మొదట్లో సుబ్బారావుకు పెద్దగా ధ్యాస లేదు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే డబ్బు సంపాదించొచ్చని చిన్నతనంలో ఇంట్లోంచి పారిపోయారు. మధ్యలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. తల్లి మాత్రం పట్టు వదల్లేదు. నగలు అమ్మి మరీ చదివించారు. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు పోయింది. మూడోసారి మద్రాసులో పాసయ్యారు.

ఆ తర్వాత మనసు సన్యాసం మీదకు మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరతానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. తల్లి అనుమతి లేనిదే చేర్చుకోలేమని మఠం పెద్దలు కూడా చెప్పారు. డాక్టరైతే జనానికి సేవ చేయొచ్చు కదా అన్న ఆలోచనతో మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి కూతురు శేషగిరితో పెళ్లయింది. చదువు ఖర్చుకు మామగారే అండగా నిలిచారు.

గాంధీజీ పిలుపుతో ఖద్దరు కట్టే రోజులవి. సుబ్బారావు ఆపరేషన్ గదికి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్లారు. ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా ఎంబీబీఎస్ దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. దాంతో ప్రభుత్వ వైద్య ఉద్యోగం దారి మూసుకుపోయింది. మద్రాసులోని ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెబుతూ గడిపారు.

అన్నదమ్ములను మింగేసిన జబ్బు

ఆ ఇంటిని మార్చేసిన జబ్బు పేరు ట్రాపికల్ స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు. ఆగని విరేచనాలు, రక్తం తగ్గిపోవడం, మనిషి ఎండిపోవడం.. ఇవీ లక్షణాలు. సుబ్బారావు అన్నదమ్ముల్లో ఇద్దరు ఈ జబ్బుతోనే కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తర్వాత సుబ్బారావుకే అది వచ్చింది. అప్పటి ఇంగ్లిష్ వైద్యంలో దానికి సరైన మందు లేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద మందుతో ఆయన బతికి బయటపడ్డారు.

తాను బతికాడు, తన వాళ్లు బతకలేదు. మందు లేకపోవడం అంటే ఏంటో సుబ్బారావు తన ఇంట్లోనే చూశారు. ఇలాంటి జబ్బులకు మందు కనిపెట్టాలంటే పెద్ద చదువు కావాలి. అమెరికా వెళ్లాలని నిర్ణయించుకున్నారు. మామగారి సాయంతో పాటు కాకినాడ ప్రాంతానికి చెందిన మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ నుంచి కూడా సాయం అందింది.

1922 అక్టోబర్‌లో బోస్టన్‌లో దిగారు. జేబులో పెద్దగా డబ్బుల్లేవు. హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ కోర్సులో చేరారు. కానీ ఇండియాలో తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో అక్కడ డాక్టర్ ఉద్యోగం రాదు. పీటర్ బెంట్ బ్రిగమ్ హాస్పిటల్‌లో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు శుభ్రం చేసే పని దొరికింది. పగలు చదువు, రాత్రి ఆ పని.

ఊరి నుంచి వచ్చేటప్పటికి భార్య గర్భవతి. కొడుకు పుట్టాడన్న కబురు వచ్చింది. కొన్ని నెలలకే ఆ బాబు చనిపోయాడన్న కబురూ వచ్చింది. ఆ బిడ్డను సుబ్బారావు చూడనే లేదు. మూడేళ్లలో తిరిగొస్తానని వెళ్లిన మనిషి మళ్లీ ఇండియాకు రాలేదు.

ఏటీపీ కనిపెట్టినా ఉద్యోగం పర్మనెంట్ కాలేదు

హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి సుబ్బారావు పని మొదలుపెట్టారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా బయోకెమిస్ట్రీ విద్యార్థులు నేటికీ చదువుకునేది అదే.

ఆ కొలతే ఇంకో తలుపు తెరిచింది. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని 1927లో చెప్పారు. కండరం కదలడానికి శక్తి ఎక్కణ్నుంచి వస్తుందన్న దానిపై అప్పటికే నోబెల్ అందుకున్న సిద్ధాంతం దీంతో కుదుపుకు లోనైంది. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టారు. ప్రతి జీవకణంలో శక్తిని మోసుకెళ్లే అణువు ఏటీపీ. స్కూలు పుస్తకాల్లో కూడా దాని పేరు ఉంటుంది, సుబ్బారావు పేరు మాత్రం చాలా పుస్తకాల్లో ఉండదు.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. కానీ హార్వర్డ్‌లో పర్మనెంట్ పోస్టు రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు. రెండేళ్లకే అక్కడ రీసెర్చ్ మొత్తానికీ డైరెక్టర్ అయ్యారు.

లెడర్లీలో ఆయన పని చూస్తే ఒక మనిషి ఇన్ని చేయగలడా అనిపిస్తుంది. బోదకాలు జబ్బుకు వాడే డైఇథైల్ కార్బమజైన్, అంటే హెట్రాజాన్, 1947లో అక్కడే బయటికొచ్చింది. బోదకాలు నివారణ కార్యక్రమంలో భాగంగా గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్రలు ఇవే. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను బెంజమిన్ డగ్గర్ కనిపెట్టింది కూడా ఆయన హయాంలోనే.

ఫోలిక్ యాసిడ్.. ఉల్టా అయిన అంచనా

అయితే ఆయన్ను వదలని విషయం ఒకటుంది. స్ప్రూ జబ్బులో వచ్చే రక్తహీనత. అంతకుముందు 1930 ప్రాంతంలో బొంబాయిలో గర్భిణుల రక్తహీనతపై పనిచేసిన బ్రిటిష్ డాక్టర్ లూసీ విల్స్, ఈస్ట్‌లో ఏదో ఒక పదార్థం ఆ జబ్బును తగ్గిస్తోందని గమనించారు. ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. దాన్ని శుద్ధి చేసి, ల్యాబ్‌లో కృత్రిమంగా తయారుచేసిన ఘనత 1945లో సుబ్బారావు బృందానిది. స్ప్రూ రోగులకు ఇస్తే రక్తం పట్టింది. తోబుట్టువుల చావుకు కారణమైన జబ్బుకు ఇన్నేళ్లకు ఆయన మందు తయారుచేయగలిగారు.

ఇక్కడే కథ క్యాన్సర్ వైపు తిరిగింది.

ఫోలిక్ యాసిడ్ ఎముక మజ్జలో రక్తకణాలను మామూలు దారిలో పెడుతోంది కదా, మరి లుకేమియాలో దారితప్పిన కణాలను కూడా సరిచేస్తుందేమో! ఆ ఆశతో డాక్టర్ ఫార్బర్ లెడర్లీ నుంచి తెప్పించుకున్న ఫోలిక్ యాసిడ్ రకాలను లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశారు. ఫలితం ఉల్టా అయింది. జబ్బు ఇంకా వేగంగా పెరిగినట్టు కనిపించింది.

ఆ దెబ్బ నుంచే అసలు ఆలోచన పుట్టింది. ఫోలిక్ యాసిడ్ ఇస్తే క్యాన్సర్ పెరుగుతోందంటే, దాన్ని అందకుండా చేస్తే క్యాన్సర్ ఆగాలి. అప్పటికే సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌ను పోలిన, కానీ దాని పని చేయని అణువులను తయారుచేస్తోంది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. దానికి చిన్న మార్పు చేసి తయారుచేసిందే మెథోట్రెక్సేట్. 1947 చివర్లో ఫార్బర్ తన చిన్నారి రోగులకు అమినోప్టెరిన్ ఇవ్వడం మొదలుపెట్టారు.

నకిలీ తాళంచెవి

ఈ మందు ఎలా పనిచేస్తుందో తాళంచెవి పోలికతో తేలిగ్గా చెప్పొచ్చు. కణం రెండుగా చీలాలంటే ముందు డీఎన్ఏను కాపీ చేసుకోవాలి. దానికి ఫోలేట్ కావాలి. వాడిన ఫోలేట్‌ను మళ్లీ పనికొచ్చేలా చేసే ఎంజైమ్ ఒకటుంది. దాని పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్, పొట్టిగా డీహెచ్ఎఫ్ఆర్. దీన్ని తాళం అనుకుంటే ఫోలేట్ అసలు తాళంచెవి. మెథోట్రెక్సేట్ అచ్చం అలాగే ఉండే నకిలీ తాళంచెవి. తాళంలో దూరి ఇరుక్కుపోతుంది. బయటికి రాదు. అసలు తాళంచెవికి చోటుండదు. కణం డీఎన్ఏ తయారుచేసుకోలేక చచ్చిపోతుంది.

నిజానికి ఆ తాళం ఏదో సుబ్బారావు బతికున్నప్పుడు ఎవరికీ తెలియదు. మందు దెబ్బ కొట్టేది ఈ ఎంజైమ్ మీదే అని 1950ల చివర్లో తేలింది. నేటి లెక్కలో చూస్తే మెథోట్రెక్సేట్ టార్గెటెడ్ మందు కాదు. వేగంగా పెరిగే మామూలు కణాలనూ అది కొడుతుంది. నోటిలో పుండ్లు, తెల్ల రక్తకణాలు తగ్గడం అందుకే. కానీ ఒక ఎంజైమ్‌కు సరిపోయేలా అణువును మలిచి, దాని పని ఆపడం అన్న పద్ధతి మాత్రం ఈ మందుతోనే క్యాన్సర్ వైద్యంలోకి బలంగా వచ్చింది.

1948 ఆగస్టులో సుబ్బారావు పర్ల్ రివర్‌లోని తన నివాసంలో నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. అప్పటికి తెలిసింది రెండే విషయాలు. మందు పనిచేస్తోంది. కొన్నాళ్లకు పనిచేయడం మానేస్తోంది.

మందు మారలేదు.. మారింది కణాలు

ఎందుకు మానేస్తోంది? మొదటి సందేహం.. మందు తగిలాక కణాలు దానికి అలవాటు పడుతున్నాయా? లేక మందు రాకముందే లొంగని కణాలు కొన్ని గుంపులో ఉన్నాయా? అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త లాయిడ్ లా 1952లో ఎలుకల లుకేమియా కణాల మీద ప్రయోగం చేసి దీనికి జవాబిచ్చారు. లొంగని కణాలు ముందు నుంచే ఉన్నాయి. కోట్ల కణాల్లో యాదృచ్ఛికంగా వచ్చిన మార్పులతో కొన్ని అలా తయారవుతాయి. మందు మిగతా వాటిని చంపేస్తుంది. ఖాళీ అయిన చోటంతా ఈ కొన్నే పెరిగి ఆక్రమిస్తాయి.

పొలంలో పురుగుమందు కొడితే ఏమవుతుందో రైతుకు తెలుసు. మొదటి ఏడాది పురుగంతా పోతుంది. తర్వాత అదే మందు ఎంత కొట్టినా పోదు. బతికిన పురుగుల సంతానమే మిగులుతుంది కాబట్టి. ఒంట్లో జరిగేదీ ఇంతే.

రెండో ప్రశ్న.. ఆ కణాలు తప్పించుకుంటున్నది ఎలా? పరిశోధకులు ఒక్కొక్కటిగా దారులు పట్టుకున్నారు. కొన్ని కణాలు మందును లోపలికి తీసుకెళ్లే ద్వారాన్నే మూసేస్తున్నాయి. కొన్నింటిలో తాళం ఆకారమే కొద్దిగా మారిపోయి నకిలీ తాళంచెవి సరిగా కూర్చోవడం లేదు. మూడో దారి అందరినీ ఆశ్చర్యపరిచింది. 1978లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త రాబర్ట్ షిమ్కే బృందం, యేల్‌కు చెందిన జోసెఫ్ బెర్టినోతో కలిసి దాన్ని బయటపెట్టింది. మందుకు లొంగని ఎలుక కణాల్లో డీహెచ్ఎఫ్ఆర్ జన్యువుకు వందల కాపీలు కనిపించాయి. అంటే కణం ఒక తాళం బదులు వందల తాళాలు తయారుచేసుకుంది. నకిలీ తాళంచెవులు కొన్నింట్లో ఇరుక్కున్నా, మిగతావి పనిచేస్తూనే ఉంటాయి.

సుబ్బారావు బృందం మందుకు కణాలు వేసిన ఈ ఎత్తును జీన్ యాంప్లిఫికేషన్ అంటారు. ఈ మాట గుర్తుంచుకోవాలి. మళ్లీ వస్తుంది.

ఒక మందు ఓడితే.. నాలుగు మందులు

సమస్య అర్థమవుతుండగానే పరిష్కారం ఇంకో జబ్బు నుంచి వచ్చింది. టీబీ. 1948లోనే బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ మందుపై జరిగిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. రోగులు మొదట కోలుకున్నారు, చాలామందిలో క్రిములు మందుకు లొంగడం మానేశాయి. తర్వాత పీఏఎస్ అనే ఇంకో మందు కలిపి ఇస్తే ఆ బెడద బాగా తగ్గింది. టీబీ రోగికి ఇప్పటికీ ఒకటి కాకుండా మూడు నాలుగు మందులు కలిపి ఇచ్చేది ఇందుకే.

లెక్క సింపుల్. ఉదాహరణకు పది లక్షల కణాల్లో ఒకటి మొదటి మందుకు లొంగదు అనుకుందాం. అలాగే పది లక్షల్లో ఒకటి రెండో మందుకు లొంగదు. ఒకే కణం రెండింటికీ లొంగకుండా ఉండాలంటే? లక్ష కోట్లలో ఒకటి. మూడో మందు, నాలుగో మందు కలిపితే అలాంటి కణం ఉండే అవకాశం దాదాపు లేదు. కానీ ఒక షరతు.. మందులన్నీ వేర్వేరు చోట్ల దెబ్బ కొట్టాలి. అన్నీ ఒకే తాళం మీద పడితే ఉపయోగం లేదు.

1960ల మొదట్లో నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ డాక్టర్లు ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ ఈ సాహసం చేశారు. పిల్లల లుకేమియాకు నాలుగు మందులు ఒకేసారి ఇచ్చారు. అందులో ఒకటి మెథోట్రెక్సేట్. రెండోది బిళ్ళగన్నేరు మొక్క నుంచి తీసిన విన్‌క్రిస్టిన్. మూడోది ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్. నాలుగోది 6-మెర్కాప్టోప్యూరిన్. విషం మీద విషం అంటూ తోటి డాక్టర్లలో చాలామంది దీన్ని వ్యతిరేకించారు. కానీ పిల్లల్లో జబ్బు ఎక్కువ కాలం కనిపించకుండా పోయింది.

అయినా కొందరిలో మళ్లీ వచ్చింది. ఈసారి మెదడులో, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో. మామూలుగా ఇచ్చే మందులు అక్కడికి సరిగా చేరవు. కణాలు అక్కడ దాక్కున్నాయి. మందుకు లొంగకపోవడం వేరు, మందు అందకపోవడం వేరని అప్పుడు అర్థమైంది. మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ హాస్పిటల్ డాక్టర్ డోనాల్డ్ పింకెల్ బృందం మందుల కలయికకు తోడు తలకు రేడియేషన్, వెన్నులోకి నేరుగా మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ కలిపింది. 1960ల చివర్లో మొదలైన ఆ చికిత్సతో దాదాపు సగం మంది పిల్లలకు జబ్బు పూర్తిగా నయమైంది.

ద్వారం మూసేసుకున్న కణాల మీద ఇంకో ఎత్తు వేశారు. మెథోట్రెక్సేట్‌ను చాలా పెద్ద డోసులో ఇవ్వడం. ద్వారం మూసున్నా సందుల్లోంచి మందు లోపలికి వెళ్తుంది. మరి మామూలు కణాలు చచ్చిపోవా? అందుకే కొన్ని గంటల తర్వాత ల్యూకోవోరిన్ ఇస్తారు. అది డీహెచ్ఎఫ్ఆర్‌తో పని లేకుండా కణానికి నేరుగా ఉపయోగపడే ఫోలేట్ రూపం. మామూలు కణాలు దాంతో తేరుకుంటాయి. ఎముక క్యాన్సర్‌లో, కొన్ని రకాల లుకేమియాలో డాక్టర్లు ఈ పద్ధతిని ఇప్పటికీ వాడుతున్నారు.

ఒకప్పుడు దాదాపు ఎవరూ బతకని ఈ జబ్బులో, మంచి వైద్యం అందే దేశాల్లో ఇప్పుడు పది మంది పిల్లల్లో సుమారు తొమ్మిది మంది బతుకుతున్నారు.

గ్లీవెక్ వచ్చిన ఏడాదే.. అదే పాత ఎత్తు

2001 మేలో అమెరికా ఎఫ్‌డీఏ ఇమాటినిబ్ అనే మాత్రకు అనుమతి ఇచ్చింది. గ్లీవెక్ పేరుతో వచ్చిన ఆ మందు సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌కు. ఆ క్యాన్సర్‌ను నడిపించే బీసీఆర్-ఏబీఎల్ అనే ఒకే ఒక్క ప్రొటీన్‌కు గురిపెట్టి తయారుచేసిన మందు అది. సరిగ్గా టార్గెట్ కొట్టాం, ఇక క్యాన్సర్ పని అయిపోయిందన్న ఉత్సాహం.

అదే ఏడాది చార్లెస్ సాయర్స్ బృందం ఒక హెచ్చరిక చేసింది. ముదిరిన దశలో ఉన్న కొందరు రోగులకు గ్లీవెక్ మొదట పనిచేసి తర్వాత మానేసింది. వాళ్ల కణాలను పరీక్షిస్తే రెండు కారణాలు కనిపించాయి. ఒకటి, టీ315ఐ అనే చిన్న మార్పుతో ప్రొటీన్ ఆకారం మారి మందు కూర్చోవడం లేదు. రెండోది, బీసీఆర్-ఏబీఎల్ జన్యువు కాపీలు పెరిగిపోయాయి. జీన్ యాంప్లిఫికేషన్! మెథోట్రెక్సేట్ విషయంలో 1978లో చూసిన ఎత్తే ఇది. మందు కొత్తది, తప్పించుకునే దారి పాతది.

అక్కడి నుంచి ఎత్తుకు పైఎత్తు నడుస్తోంది. చాలా మార్పులను తట్టుకునే డాసాటినిబ్, నిలోటినిబ్ వచ్చాయి. టీ315ఐకి అవి కూడా పనిచేయలేదు. దానికి 2012లో పొనాటినిబ్ వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ మందులకు టీ790ఎం అనే మార్పు అడ్డుపడితే, 2015లో ఒసిమెర్టినిబ్ వచ్చింది. దానికీ లొంగని కణాలు తర్వాత కనిపించాయి. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో బీఆర్ఏఎఫ్ మందును ఒంటరిగా ఇస్తే కణాలు కొన్ని నెలల్లో పక్కదారి వెతుక్కుంటున్నాయని గమనించి, ఆ దారిలో ఉండే ఎంఈకే ప్రొటీన్‌ను ఆపే మందును కూడా జతచేశారు. 2014లో ఆ జంటకు అమెరికాలో అనుమతి వచ్చింది. ఒక్క మందు కన్నా జంట మందులు ఎక్కువ కాలం పనిచేశాయి.

ఈ కథల్లో కనిపించే సూత్రం ఆ పిల్లల వార్డుల్లో నేర్చుకున్నదే. ఒక్క మందు ఎంత గురిగా తగిలినా క్యాన్సర్‌కు తప్పించుకునే దారి ఉంటుంది. ఆ దారి ఏదో ముందే కనిపెట్టాలి. తొలి రోజే, శత్రువు బలం తక్కువున్నప్పుడే, వేర్వేరు వైపుల నుంచి కలిపి కొట్టాలి. మందు అందని మూలలను కూడా వదలకూడదు. రోగి వైపు నుంచి చూస్తే దీని అర్థం ఒకటే.. జబ్బు తగ్గినట్టు అనిపించగానే మాత్రలు ఆపేయడం, డోసులు మానేయడం ప్రమాదం. పైకి కనిపించకపోయినా లోపల మిగిలిన కణాలు ఉండొచ్చు. మందు ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

పేరు రాలేదు.. మందు పోలేదు

సుబ్బారావుకు నోబెల్ రాలేదు. ప్రచారానికి ఆయన దూరంగా ఉండేవారు. లెడర్లీ నుంచి వచ్చిన ముఖ్యమైన పేపర్లు కొన్నింట్లో ఆయన పేరే ఉండదు, బృందం పేర్లే ఉంటాయి. భారత ప్రభుత్వం 1995లో ఆయన శతజయంతి సందర్భంగా పోస్టల్ స్టాంపు విడుదల చేసింది. ఓ శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. తెలుగు రాష్ట్రాల బయట చాలామందికి ఆయన ఎవరో తెలియదు.

మెథోట్రెక్సేట్ మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. కీళ్లవాతం, సొరియాసిస్ రోగులకు చిన్న డోసులో వారానికి ఒకసారి ఇస్తున్నారు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం అని డాక్టర్లు గట్టిగా హెచ్చరించేది కూడా ఈ మందు గురించే.

ఇక లుకేమియా పిల్లల విషయానికొస్తే.. తొలి నెలల భారీ చికిత్స అయిపోయాక, మిగిలిన కణాలు తలెత్తకుండా దాదాపు రెండేళ్లు మెయింటెనెన్స్ మందులు వాడతారు. అందులో ముఖ్యమైనవి రెండు. రోజూ వేసుకునే 6-మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్. మొదటిదాన్ని తయారుచేసింది గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్. వాళ్లకు 1988లో నోబెల్ వచ్చింది. ఆ హిచింగ్స్ పీహెచ్‌డీ చేసింది హార్వర్డ్‌లోని అదే బయోకెమిస్ట్రీ విభాగంలో, ఫిస్క్ దగ్గర, సుబ్బారావు అక్కడ పనిచేస్తున్న రోజుల్లోనే. ఒకే ల్యాబ్ నుంచి వచ్చిన ఇద్దరి మందులు ఒకదానికొకటి తోడుగా, ఒకదాన్ని తప్పించుకున్న కణాన్ని ఇంకొకటి పట్టుకుంటూ, హైదరాబాద్, విశాఖ సహా ప్రపంచమంతటా పిల్లల క్యాన్సర్ వార్డుల్లో ఇప్పటికీ పనిచేస్తున్నాయి.